మా అత్తగారు వస నాకించలేదు

మా అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. తన వయసెంతో నేను మోస్తున్న ఈ బరువు వయసూ దాదాపు అంతే. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. చెప్పే సందర్భం రాలేదని కాదు. వచ్చింది. వచ్చిన ప్రతిసారీ వేరే ఏదో మాట్లాడాను, అదీ గట్టిగా మాట్లాడాను. గట్టిగా మాట్లాడటం నాకు బాగా తెలిసిన పని.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. ఇంట్లోవాళ్ళ పేర్లు మార్చాను, ఊళ్ళ పేర్లు మార్చలేదు. బందరులోనో గుడివాడలోనో మూఢనమ్మకాల మీద జరిగిన సభలో మీరెప్పుడైనా కూర్చుని ఉంటే నా గొంతు విని ఉండవచ్చు. తాయెత్తులు కట్టేవాళ్ళను, ముహూర్తాలు పెట్టేవాళ్ళను, బాబాలను, స్వాములను నిలబెట్టి ‘ఆధారం ఏది?’ అని అడిగినవాణ్ణి నేను. ఆ ప్రశ్న తప్పని ఇవాళ కూడా అనుకోవడం లేదు. ఇది చదివి ఎవరైనా, చూశారా, హేతువాది కూడా చివరికి దారికొచ్చాడని సంబరపడదామనుకుంటే వాళ్ళకు ఇందులో ఏమీ దొరకదు. పంచాంగం అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే. కాని ఆ రోజు తప్పు చేసింది పంచాంగం కాదు. హేతువు కూడా కాదు. నేను.

ఎక్కడ మొదలుపెట్టాలి? గుడివాడలో మొదలుపెడతాను. నేను వాదన నేర్చుకున్నది అక్కడే. నేర్పింది ఒక తెలుగు మాస్టారు, సంస్కరణోద్యమాల కాలం మనిషి. ఆయన పెట్టిన మొదటి నియమం ఇది. ఎదుటివాడి మాటలో నిజం ఎంతుందో ముందు అది ఒప్పుకో, మిగతాది తర్వాత ఖండించు. నేను ఖండించడం త్వరగా నేర్చుకున్నాను.

ఆ ఊళ్ళోనే ఒక సభలో ఒక సిద్ధాంతిగారితో నాకు వాదం జరిగింది. ముహూర్తాల మీద. ఆయన ఓడిపోతున్నారని హాలంతటికీ తెలిసిపోయింది. అప్పుడాయన నెమ్మదిగా అడిగారు.

“మాటలు బాగానే ఉన్నాయండీ. మీకు ఈమధ్యే పాప పుట్టిందని విన్నాను. పురిటింటి నుంచి పసిపిల్లని అమావాస్య నాడు మీ ఇంటికి తెచ్చుకుంటారా మరి?”

“అమావాస్య ఒక్కటీ చాలంటారా, ఇంకేమైనా కలపమంటారా?” అన్నాను.

హాలు గొల్లుమంది. ఆ నవ్వు నన్ను మోసుకుపోయింది. ఆదివారం పడే అమావాస్య చూసుకుని, వర్జ్యంలో బయల్దేరదీసి, పాపను బందరు తెస్తాననీ, అదే రోజు మా ఇంటి ముందే సభ పెడతాననీ, సిద్ధాంతిగారు భోజనానికి రావాలనీ మైకులో ప్రకటించాను. చప్పట్లు చాలాసేపు మోగాయి.

మర్నాడు కొట్టుకెళ్ళి పంచాంగం కొన్నాను. నా జీవితంలో కొన్న మొదటి పంచాంగం అది. వర్జ్యం ఎలా చూడాలో తెలియక ఒక పురోహితుణ్ణి అడిగి తెలుసుకున్నాను. అప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇప్పుడు రావడం లేదు. మంచి ఘడియ కోసం పంచాంగం చూసేవాడికీ, చెడ్డ ఘడియ కోసం చూసిన నాకూ తేడా ఏమిటి? ఇద్దరం దాని ప్రకారమే బయల్దేరాం. నిజానికి నమ్మేవాడికి కొంత వెసులుబాటు ఉంటుంది. పిల్లకు ఒంట్లో బాగాలేకపోతే ఇంకో ముహూర్తం పెట్టుకుంటాడు. నాకు ఇంకో ముహూర్తం లేదు. కరపత్రాలు అచ్చయిపోయాయి.

నా భార్య అనురాధది నాగాయలంక. కాన్పు అక్కడే జరిగింది. మా అత్తగారు సామ్రాజ్యమ్మ. భర్త పోయాక రొయ్యల చెరువు కౌలుకిచ్చి, ఇంటి పనీ పొలం పనీ ఒంటిచేత్తో చూసుకున్న మనిషి. ఊళ్ళో కాన్పులకూ పసిపిల్లల స్నానాలకూ ఆమెనే పిలిచేవారు. నన్ను అల్లుడుగారూ అనేది, మీరు అనేది. నా ఉపన్యాసాలు విని నవ్వేది, ఎదురు చెప్పేది కాదు. పాపకు రెండో నెల వచ్చాక ఒకరోజు సానరాయి కడిగి అరుగు మీద పెట్టి, “వస నాకిద్దామండీ?” అని నన్నే అడిగింది. మీకు తెలిసే ఉంటుంది, వసకొమ్ము అరగదీసి తల్లిపాలలో కలిపి నాలుక మీద రాస్తే పిల్లలకు మాటలు త్వరగా వస్తాయని మా వైపు నమ్మకం. నేను అరగంట మాట్లాడాను. పసిపిల్లలకు అది ఎందుకు హానో చెప్పాను. అంతా విని, “సరే లెండి, మీరు వద్దంటే వద్దు” అని సానరాయి తీసుకెళ్ళి అటక మీద పెట్టేసింది. కొమ్ము నా ముందే పెరట్లోకి విసిరేసింది. ఇది గుర్తుపెట్టుకోండి. నాకు గుర్తుంది.

ఆ ఆదివారం పొద్దున్నే కారు తీసుకుని నాగాయలంక వెళ్ళాను. అనురాధ తెల్లవారుజామున పాలిచ్చి పాపను తల్లికి అప్పగించి, లోపల బట్టలు సర్దుకుంటోంది. మా అత్తగారు పాపను భుజాన వేసుకుని వాకిట్లోకి వచ్చింది. రోజూ ఆ వేళకు పాపకు స్నానం అయిపోయి సాంబ్రాణి వాసన వేస్తుండేది. ఆ రోజు వేయలేదు.

“అల్లుడుగారూ, పాప ఒళ్ళు కాస్త వెచ్చగా ఉందండీ. ఇందాక ఉగ్గుగిన్నెతో పాలు పడితే తాగలేదు కూడా. తలకి పోయలేదు నేను. రేపు బయల్దేరితే?”

“రేపటికైతే అమావాస్య వెళ్ళిపోతుందనా అత్తయ్యగారూ?”

“అయ్యో, అమావాస్య గొడవ నాకెందుకండీ! మీరు కావాలంటే నెలకి రెండు అమావాస్యలు తెప్పించుకోండి. పిల్ల ఒళ్ళు చూడమంటున్నాను.”

చూశాను. మెడ కింద చేయి పెట్టి చూశాను. వేడి.

ఇక్కడ ఆగాలి. ఇన్నేళ్ళూ ఈ క్షణం దగ్గర ఆగకుండా దాటిపోతూ వచ్చాను. నాకు తెలియలేదని చాలాసార్లు నాకు నేనే చెప్పుకున్నాను, ఎండాకాలం కదా అనుకున్నాననీ, ముసలావిడ వంకలు వెతుకుతోందని నిజంగానే నమ్మాననీ, మగవాడి చేతికి పసిపిల్ల వేడి ఏం తెలుస్తుందనీ. అబద్ధం. తెలిసింది. జ్వరమనే తెలిసింది. తెలిసిన అదే క్షణంలో బందరులో మా ఇంటి ముందు వేసిన షామియానా కనిపించింది. వాయిదా వేస్తే గుడివాడలో ఏమంటారో వినిపించింది. భయపడ్డాడు అంటారు. పెద్ద కబుర్లు చెప్పాడు, తన పిల్ల దగ్గరికి వచ్చేసరికి జారుకున్నాడు అంటారు.

“ఎండ కదండీ, మామూలే” అన్నాను. అని లోపలికి వెళ్ళి, “మీ అమ్మ ఏదో వంక చెబుతోంది, త్వరగా కానీ” అని అనురాధతో అన్నాను. ఆమె నవ్వింది. తల్లి సంగతి తెలుసు కదా అనుకుంది. నా సంగతీ తెలుసనే అనుకుంది.

సారె సామానుతో మా అత్తగారు కూడా కారెక్కింది, పాపను ఒళ్ళో పెట్టుకుని. పులిగడ్డ వారధి దాటాం. మోపిదేవి దగ్గర, “ఒక్క నిమిషం ఆపండి బాబూ” అంది. గుడి కోసమనుకున్నాను. ఆపలేదు. అద్దంలో చూస్తే ఆమె చీరకొంగు మంచినీళ్ళతో తడిపి పాప నుదురు తుడుస్తోంది. అప్పుడు కూడా ఆపలేదు. చల్లపల్లి దాటాక అనురాధ, “ఏంటండీ, దీని ఒళ్ళు ఇలా ఉంది?” అంది. “ఎండ, ఇంటికెళ్ళాక చూద్దాం” అన్నాను. మా అత్తగారు అద్దంలోంచి నా మొహం చూసింది. అప్పుడు మొదలుపెట్టింది ఆ చూడటం.

సభ బాగా జరిగింది. ఇంత సిగ్గుమాలిన వాక్యం నేనెప్పుడూ రాయలేదు, కాని జరిగింది. మాట్లాడుతూ మాట్లాడుతూ పాపను తెమ్మని, రెండు చేతుల్లో పైకెత్తి చూపించాను. “ఇదిగో, అమావాస్య బిడ్డ!” అన్నాను. చప్పట్లు. నా రెండు అరచేతులకూ వేడి తగులుతూనే ఉంది. పాప ఏడవలేదు. అంత గోలలో ఏడవని పసిపిల్లను చూసి ఎంత ధైర్యమో అన్నారు ఎవరో. అది ధైర్యం కాదు, ఒళ్ళు తెలియని మగత. కిందికి దించి తల్లికిచ్చేసరికి తల వాలిపోయింది. పెరుగు ముద్దలా కక్కింది. అనురాధ అరిచిన అరుపుకు మైకు దానంతటదే ఆగిపోయినట్టయింది.

ఊళ్ళోనే ఒక పిల్లల ఆసుపత్రి. బల్ల మీద పడుకోబెట్టారు. డాక్టరమ్మ నాకంటే చిన్నది. చేతులు పనిచేస్తుండగానే అడిగింది.

“జ్వరం ఎప్పుడు మొదలైంది?”

“దార్లోనండీ. వస్తుంటే ఒళ్ళు వెచ్చబడింది.”

“పొద్దున బాగానే ఉందా? పాలు తాగిందా?”

“బాగానే ఉందండీ.”

నేనే. ఆధారం అడిగే నేనే. నా పక్కన మా అత్తగారు నిలబడి ఉంది. నావైపు తిరిగింది.

“ఇంట్లో నోట్లో ఏమైనా పెట్టారా? వస, ఆముదం, పసర్లు? పెడితే పెట్టామని చెప్పండి, నేనేమీ అనను” అంది డాక్టరమ్మ.

ఆ ప్రశ్న నాకు తెరిచిన తలుపులా కనిపించింది. ఆలోచించండి. ఎంత వేగంగా పనిచేసింది నా తర్కం! పొద్దున్నే జ్వరం ఉందని చెబితే అమావాస్య మీద నింద పడదు, నా మీద పడుతుంది. దార్లో వచ్చిందంటే నేను బతికిపోతాను, కాని సిద్ధాంతిగారు గెలుస్తారు. మూడో ముద్దాయి కావాలి. ఆ ముద్దాయి నా పక్కనే ఉంది. విద్య లేదు, విధవరాలు, వస అరగదీస్తానని ఒకసారి అడిగింది కూడా. ఆమె మాట ఎవరు నమ్ముతారు?

“మా అత్తగారు పెద్దావిడండీ. నాకు తెలియకుండా వస నాకించారేమో” అన్నాను.

“నేనా?” అంది ఆమె.

ఆ ఒక్క మాటే. అందులో కోపం లేదు. తలుపు వేసి ఉందనుకుని ఆనుకుంటే అది తెరిచి ఉండి పడిపోయినవాళ్ళ గొంతులా ఉంది.

“ఏమ్మా, ఇంత పసిగుడ్డు నోట్లో ఏది పడితే అది పెడతారా?” అంది డాక్టరమ్మ. అనను అన్న మాట మర్చిపోయింది.

అనురాధ తల్లివైపు తిరిగింది. “అమ్మా... పెట్టావా?”

“లేదే అనూ.”

“మొన్న అడిగావుగా.”

“అడిగానే. వద్దన్నారు, మానేశాను. ఆయన్నే అడుగు.”

అనురాధ నన్ను అడగలేదు. అడగాల్సిన అవసరమే ఉందనుకోలేదు. నేను అబద్ధం చెప్పనని ఆమెకు నమ్మకం. ఆ నమ్మకాన్ని ఏ ఆధారంతో పెంచుకుందో పాపం, నా ఉపన్యాసాలే కదా.

పాపకు మూత్రంలో పుట్టిన ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిందని తర్వాత తేలింది. మూడు నెలలు నిండని బిడ్డకు జ్వరం వస్తే గంటలు కూడా ముఖ్యమేనని డాక్టరమ్మ చెప్పింది. వెన్నులోంచి నీరు తీశారు. మొదట చేతిలో రక్తనాళం దొరక్క తల మీద సూది పెట్టారు. తర్వాత చేతిలోనే దొరికితే, నా అరచేయంత కూడా లేని ఆ చేతికి కదలకుండా అట్టముక్క కట్టారు. పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టాం, అదీ మింగలేకపోయింది కొన్నాళ్ళు. బట్టలు కూడా తెచ్చుకోకుండా పరుగెత్తినవాళ్ళం చాలా రోజులు అక్కడే ఉండిపోయాం. నేను చెప్పిన అబద్ధం వల్ల మొదట్లో వైద్యం పక్కదారి పట్టిందా? వస అనుకుని కాసేపు ఆగారా? తెలియదు. ఎప్పుడూ అడగలేదు. అడిగితే ఎందుకడుగుతున్నానో చెప్పాల్సి వస్తుంది.

ఆ రోజుల్లో సిద్ధాంతిగారు ఫోన్ చేశారు. అమావాస్య మాట ఎత్తుతారని వాదన సిద్ధం చేసుకుని ఫోన్ తీశాను. “పాప పాలు తాగుతోందా అండీ?” అన్నారు. తాగుతోందన్నాను. “అంతే చాలు” అని పెట్టేశారు.

ఇక అసలు మాట. ఆసుపత్రిలో పాప దగ్గరికి మా అత్తగారిని అనురాధ రానివ్వలేదు. ఆమె క్యారియర్ తెచ్చి మెట్ల దగ్గర కూర్చునేది. నేను కిందికి దిగి తీసుకునేవాణ్ణి. ఒకరోజు క్యారియర్ నా చేతికివ్వకుండా ఒళ్ళోనే పెట్టుకుని అడిగింది.

“మీకు తెలుసు కదండీ.”

“ఏంటండీ?”

“నేను వస పెట్టలేదని. పొద్దున్నే పిల్ల ఒళ్ళు కాలిందని.”

నేను మెట్ల వైపు చూస్తున్నాను.

“అనూకి నేను చెప్పన్లెండి. చెబితే దాని కాపురం ఏం కాను? నన్నంటే పర్లేదు, తల్లిని, పడతాను. మీరే చెప్పండి, ఎప్పుడో ఒకప్పుడు. ఇవాళే అనను. మీరు నిజం చెప్పే మనిషి కదా.”

ఎత్తిపొడుపు అయితే బాగుండేది. దానికి జవాబు నా దగ్గర ఎప్పుడూ ఉంటుంది. ఆమె నమ్మే అంది. క్యారియర్ చేతిలో పెట్టి, “పప్పులో కారం తక్కువేశాను, పాలిచ్చే తల్లి కదా” అని బస్టాండుకు వెళ్ళిపోయింది.

పాప బతికింది. కోలుకుంది. అప్పుడైనా చెప్పవచ్చు కదా? చెప్పలేదు. పైగా ఇంకో పని చేశాను. తర్వాతి సభలో ఎవరో అడిగారు, అమావాస్య నాడు తెచ్చారు, పిల్ల ఆసుపత్రి పాలైంది కదా అని. నేను వస కథ చెప్పాను. “మూఢనమ్మకం మా ఇంట్లోనే నా బిడ్డ గొంతు దాకా వచ్చింది” అన్నాను. అంత బలమైన ఉదాహరణ నాకు అంతకుముందు దొరకలేదు. పెడనలో చెప్పాను, అవనిగడ్డలో చెప్పాను, చివరికి నాగాయలంకలోనే, ఆమె ఇంటికి రెండు వీధుల అవతల, మైకు పెట్టి చెప్పాను. పేరు చెప్పలేదు. పేరు చెప్పాల్సిన అవసరం ఆ ఊళ్ళో ఎవరికుంది? కాన్పులకు, పసిపిల్లల స్నానాలకు ఆమెను పిలిచే ఇళ్ళు ఒక్కొక్కటే పిలవడం మానేశాయి. నా మాట విని కొందరు తల్లులు వస మానేశారంటారు. అది మంచిదే. ఆ మంచిని చూపించి ఈ తప్పును కొట్టేయవచ్చా? చాలాకాలం అదే చేశాను. అబద్ధపు సాక్ష్యంతో గెలిచిన నిజాన్ని మా మాస్టారైతే ఏమనేవారు?

అనురాధ తల్లి దగ్గర పాపను ఒంటరిగా వదల్లేదు. వాళ్ళిద్దరి మధ్య మాటలున్నాయి, పండగలున్నాయి, చీరలున్నాయి. నమ్మకం లేదు. నా తల్లే నాతో అబద్ధం చెప్పిందండీ అని అనురాధ నా దగ్గరే, నా భుజం మీదే ఏడ్చింది ఒకసారి. నేను ఓదార్చాను. అవును, ఓదార్చాను. మా అత్తగారు మా ఇంటికి వచ్చినప్పుడు మనవరాలిని ఎత్తుకునే ముందు రెండు అరచేతులూ తెరిచి కూతురికి చూపించేది, ఏమీ లేదు చూడు అన్నట్టు. మొదట్లో నిష్ఠూరంగా చేసింది. తర్వాత అలవాటైపోయింది. ఇప్పటికీ అరటిపండు పెట్టాలన్నా అడిగి పెడుతుంది. ప్రతిసారీ ఒకసారి నావైపు చూసేది. తొందరపెట్టే చూపు కాదు. ఇవాళ చెబుతారా అని అడిగే చూపు.

ఈ వేసవిలో నాగాయలంక వెళ్ళాం. భోజనాల దగ్గర కూర్చున్నాం. మా అమ్మాయి ఎప్పుడో నా ఉపన్యాసం విన్నది, ఆ కథ దానికి కంఠతా వచ్చు. అమ్మమ్మ రొయ్యల కూర వడ్డిస్తుంటే ఆటపట్టించింది.

“అమ్మమ్మా, ఇందులో వస కలపలేదు కదా?”

“కలిపానే, ఎందుకు కలపను? చిన్నప్పుడు పెట్టబట్టే కదా నీకింత నోరు!”

అందరూ నవ్వారు. ఆమె అందరికంటే ఎక్కువ నవ్వింది. అనురాధ మాత్రం నవ్వలేదు, తల వంచుకుని అన్నం కలుపుతోంది. నేను అలవాటు కొద్దీ ఆ చూపు కోసం సిద్ధమయ్యాను. పళ్ళెం మీదికి చూడాలా, గోడ మీదికి చూడాలా అని వెతుక్కున్నాను. ఆ చూపు రాలేదు. నా పక్కకు వచ్చి, కూర వేసి, “ఇంకొంచెం వేయమంటారా అల్లుడుగారూ?” అని అడిగి, నా మొహంలోకి చూడకుండానే తర్వాతి పళ్ళెం దగ్గరికి వెళ్ళిపోయింది.

ఎదురుచూడటం మానేసింది. పైగా, ఇన్నేళ్ళ తర్వాత, చేయని పని చేశానని నవ్వుతూ ఒప్పుకుంది.

అది నేను తట్టుకోలేకపోయాను. ఆమె నన్ను అసహ్యించుకుంటే తట్టుకోగలను. నేను నిజం చెప్పే మనిషినని అనుకోవడం ఆమె ఎప్పుడు మానేసింది? ఏ పండగకు, ఏ అరటిపండు దగ్గర? ఆ రోజు నేను ఎక్కడున్నాను? బహుశా ఏదో ఊళ్ళో మైకు ముందు.

ఇది అనురాధ చదువుతుంది. పేర్లు మార్చినా మొదటి పేరా దాటకముందే పోల్చుకుంటుంది. తర్వాత ఏమవుతుందో తెలియదు. తల్లి దగ్గరికి వెళ్తుందో, నన్ను అడుగుతుందో, అడగకుండా ఊరుకుంటుందో. మా అత్తగారిని క్షమించమని అడగను. అడిగితే ఆమె క్షమిస్తుంది, అది కూడా నా కోసం ఆమె చేయాల్సిన ఇంకో పని అవుతుంది. ఇప్పటికే చాలా చేసింది. నాగాయలంకలో అదే వీధిలో మళ్ళీ మైకు పెడతాను. వింటారో లేదో తెలియదు. గట్టిగా మాట్లాడను.

డాక్టరమ్మ గారూ, మీరు ఇప్పుడు ఎక్కడున్నారో తెలియదు. మీరడిగిన ప్రశ్నకు జవాబు ఆలస్యమైంది. జ్వరం పొద్దున్నే మొదలైందండీ. నాగాయలంకలో, వాకిట్లో. పాలు తాగలేదు. మా అత్తగారు చెప్పారు. నేను మెడ కింద చేయి పెట్టి చూశాను. నోట్లో ఎవరూ ఏమీ పెట్టలేదు.